“ఎవరు చేయాల్రా?” అని అడిగిన మామయ్యకు ఏం చెప్పను?

ప్రశ్న: నా వయసు 27. మా మామయ్య 19 ఏళ్లు సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు. కిందటి నెల అందరం ఒకచోట చేరినప్పుడు టీవీలో ఏదో యుద్ధం వార్తలు వస్తున్నాయి. మాటల్లో మాటగా నేను, “కొన్ని యుద్ధాలు చేయాల్సిందే, దుర్మార్గుడికి మంచి మాటలు ఎక్కవు” అన్నాను. మామయ్య కూతురు, అంటే నా మరదలు, వెంటనే అడ్డం తగిలింది. ఏ పేరు పెట్టినా యుద్ధమంటే హత్యేనని, న్యాయమైన యుద్ధమనేది లోకంలో లేదని తన వాదన. నేను గొంతు పెంచాను. “చేయాల్సిందే” అని ఎన్నిసార్లన్నానో నాకే తెలీదు. అప్పటిదాకా నోరు విప్పని మామయ్య, “ఎవరు చేయాల్రా?” అని ఒక్క మాట అడిగి, లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి ఆయనకు ఫోన్ చేయాలన్నా టెన్షన్‌గా ఉంది. యుద్ధం నైతికంగా ఎప్పుడైనా అవసరమా? యుద్ధం చూడని నాలాంటివాడికి దాని గురించి మాట్లాడే హక్కు ఉందా? నేను మామయ్యకు సారీ చెప్పాలా?

(పేరు రాయవద్దన్న పాఠకుడు)

సమాధానం: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మీ మామయ్యది నాలుగోది. మీ ఉత్తరం మొత్తంలో పదునైనది అదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

“చేయాల్సిందే” అనే మాటకు తెలుగులో కర్త అక్కర్లేదు. ఎవరు చేయాలో చెప్పకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది. బుద్ధి చెప్పాల్సిందే, అంతు చూడాల్సిందే, యుద్ధం చేయాల్సిందే. ఎవరు? ఆ చోటు ఖాళీ. మీ మామయ్య 19 ఏళ్లు ఆ ఖాళీలో నిలబడ్డారు. వాక్యంలో మీరు వదిలేసిన కర్త తానే అని ఆయనకు వినబడింది. ఇంకెవరికీ వినబడలేదు.

ఒక విషయం గమనించారా? ఆయన “ఎవరూ చేయకూడదు” అనలేదు. మరదలి పక్షాన చేరలేదు. “ఎవరు?” అని మాత్రం అడిగారు. మీరు దాన్ని తిట్టుగా తీసుకున్నారు. నాకది ప్రశ్నలాగే ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న, హక్కు గురించి. ఉంది. యుద్ధం చూసినవాళ్లే దాని గురించి మాట్లాడాలంటే, యుద్ధం వద్దనే హక్కు కూడా మనకు పోతుంది. పైగా సైనికుడు యుద్ధాన్ని నిర్ణయించడు. నిర్ణయించేది ప్రభుత్వం, అదీ మన పేరు మీద. అలాంటప్పుడు మనం ఆలోచించకపోతే ఎవరో ఒకరు మన తరఫున ఆలోచించేస్తారు. అయితే ఒడ్డున కూర్చున్నవాడు లోతు గురించి మాట్లాడేటప్పుడు, తాను ఒడ్డున ఉన్న సంగతి మరిచిపోకూడదు. జానెట్ రాంకిన్ అని అమెరికా ప్రతినిధుల సభలో ఒక సభ్యురాలు ఉండేది. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాస్థావరం మీద దాడి జరిగిన మర్నాడు జపాన్ మీద యుద్ధ ప్రకటనకు 388 మంది అవునన్నారు, ఆమె ఒక్కతే కాదంది. ఆడదాన్ని కాబట్టి యుద్ధానికి నేను వెళ్లలేను, ఇంకొకరిని పంపడానికి ఒప్పుకోను అన్నది ఆమె చెప్పిన కారణం. ఆ ఓటు తప్పని నేననుకుంటాను. కానీ ఆ సభలో మీ మామయ్య ప్రశ్నకు జవాబు వెతికి మరీ ఓటేసిన మనిషి ఆమె.

ఇప్పుడు మొదటి ప్రశ్న. నా జవాబు దాచిపెట్టను: యుద్ధం అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి, చాలా అరుదుగా. అయితే దానికి ముందు మీ మరదలి వాదనను కాస్త సరిగ్గా వినాలి. ఆ రోజు మీరు విని ఉండరని నా అనుమానం.

“దుర్మార్గుడికి మంచి మాటలు ఎక్కవు” అన్నారు మీరు. నిజమే, చాలామందికి ఎక్కవు. కానీ మంచి మాటలకూ ఫిరంగులకూ మధ్య చాలా జాగా ఉంది. ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు ప్రపంచంలో జరిగిన 323 పెద్ద ఉద్యమాలను లెక్కగట్టి చూశారు. ఆయుధం పట్టనివాటిలో 53 శాతం నెగ్గాయి. ఆయుధం పట్టినవాటిలో నెగ్గినవి 26 శాతమే. నాజీ జర్మనీ చేతిలో ఉన్న డెన్మార్క్‌లో 1943 అక్టోబర్‌లో యూదులను పట్టుకుపోవడానికి వస్తున్నారని తెలియగానే, మామూలు జనం, పడవలవాళ్లు కలిసి 7 వేల మందికి పైగా మనుషులను సముద్రం దాటించి స్వీడన్ చేర్చారు. అంతకన్నా పెద్ద దుర్మార్గుడు చరిత్రలో దొరకడు. అయినా అక్కడ చేయగలిగింది ఉంది, చేశారు.

గాంధీజీ ఇంకా ముందుకు వెళ్లాడు. 1938 నవంబర్‌లో, జర్మనీలో యూదులకు జరుగుతున్న దారుణాల గురించి రాస్తూ, మానవత్వం కోసం చేసే యుద్ధమంటూ ఏదైనా న్యాయమైతే జర్మనీ మీద యుద్ధం పూర్తిగా న్యాయమేనని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, తనకు మాత్రం ఏ యుద్ధం మీదా నమ్మకం లేదన్నాడు. (ఇదే గాంధీజీ 1918లో ఖేడా జిల్లా పల్లెల్లో తిరిగి బ్రిటిష్ సైన్యంలో చేరమని జనాన్ని అడిగాడు. మనుషులు ఒక్క గీతలో ఇమడరు.) అవతలి వాదన ఎంత బలమైనదో తెలిసి, ఒప్పుకుని, ఆపైన కాదనడం వేరు. తెలియక కాదనడం వేరు. మీ మరదలు మొదటి రకమైతే తనతో వాదించడం మీకు లాభమే.

నేను తనతో విడిపోయే చోటు ఆఫ్రికాలో, 1994 నాటి రువాండా.

ఆ ఏడాది ఏప్రిల్ 6న దేశాధ్యక్షుడు ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చేశారు. కొన్ని గంటల్లోనే, ఎక్కువ సంఖ్యలో ఉన్న హుటూ జాతిలోని తీవ్రవాదులు టుట్సీ జాతివాళ్లను ఏరి ఏరి చంపడం మొదలైంది. రోడ్ల మీద అడ్డుకట్టలు వేసి, గుర్తింపు కార్డులో జాతి చూసి నరికారు. రేడియోలో పేర్లు చదివారు. ఇరుగుపొరుగువాళ్లే కత్తులు పట్టుకొచ్చారు. దాదాపు 100 రోజుల్లో 8 లక్షలు, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువ మంది చనిపోయారు. అడ్డుచెప్పిన హుటూలనూ వదల్లేదు. అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి దళం ఉంది, సుమారు 2,500 మంది. దాని అధిపతి, కెనడా జనరల్ రోమియో డల్లైర్, జనవరిలోనే ఆయుధాలు దాచిన చోట్ల గురించి కబురు పంపాడు, స్వాధీనం చేసుకుంటానన్నాడు. పై నుంచి వద్దన్నారు. చంపడం మొదలయ్యాక మరింత సైన్యం పంపమని అడిగాడు. బెల్జియం సైనికులు 10 మందిని చంపేసరికి ఆ దేశం తన దళాన్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 21న భద్రతామండలి ఆ దళాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానించింది.

జూలైలో ఆగింది. ఎలా ఆగిందో చూడండి. ఖండనలతో ఆగలేదు. టుట్సీల నాయకత్వంలోని రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ అనే తిరుగుబాటు సైన్యం యుద్ధంలో గెలిచి రాజధానిని పట్టుకుంది, అప్పుడు ఆగింది.

ఆ 100 రోజుల్లో, ఆ రోడ్ల మీద, “యుద్ధం వద్దు” అన్న మాటకు అర్థం ఏమిటి? నరకడం ఒక పక్షమే చేస్తోంది. అక్కడ శాంతి అంటే కత్తికి అడ్డులేకపోవడమే. చంపడం కన్నా చావడం నయమని మీ మరదలు తన గురించి అనుకుంటే నేను చేతులెత్తి నమస్కరిస్తాను. తన ప్రాణం తనది. అడ్డుకట్ట దగ్గర నిలబెట్టిన పరాయివాళ్ల బిడ్డ తరఫున ఆ మాట అనే హక్కు తనకు లేదు, నాకూ లేదు. నా దృష్టిలో యుద్ధం నైతికంగా అవసరమయ్యేది ఈ గీత దగ్గరే. ఇంకొకరి ప్రాణాన్ని కాపాడగలిగి, ఇంకే దారీ లేక, మన చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కోసం వాళ్లను వదిలేయాల్సి వచ్చినప్పుడు.

అయితే కథ అక్కడ ఆగలేదు, అదీ చెప్పాలి. గెలిచిన ఆ సైన్యం కూడా పగతో జనాన్ని చంపింది. 1996లో అదే సైన్యం సరిహద్దు దాటి ఇప్పటి కాంగోలోకి వెళ్లింది. అక్కడ మొదలైన యుద్ధాల్లో, ఆకలికీ రోగాలకూ కలిపి, లక్షల మంది పోయారు. నరమేధాన్ని ఆపినవాళ్లు అన్నది నిజం. ఆ తరువాత చేసిందీ నిజం. ఒకదానితో ఇంకొకదాన్ని చెరిపేయాలని చూసేవాళ్లు రెండువైపులా ఉన్నారు.

ఉద్దేశం శుద్ధంగా ఉండాలా అని కూడా అడగొచ్చు. పాతకాలపు క్రైస్తవ తత్వవేత్తలు, ముఖ్యంగా 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్, న్యాయమైన యుద్ధానికి పెట్టిన షరతుల్లో సరైన ఉద్దేశం ఒకటి. వినడానికి బావుంది. చరిత్రలో వెతికితే దొరకడం కష్టం. కంబోడియాలో 1975 నుంచి ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. దాన్ని కూల్చింది వియత్నాం సైన్యం. 1978 డిసెంబర్ 25న లోపలికి వచ్చి, 1979 జనవరి 7న రాజధాని నాంపెన్ పట్టుకుంది. వియత్నాం వెళ్లింది కంబోడియా జనం మీద జాలితో కాదు. సరిహద్దులో తన గ్రామాల మీద పడి చంపుతున్నారని వెళ్లింది. పదేళ్లు అక్కడే కూర్చుంది కూడా. ప్రపంచం ఏం చేసింది? దాడి తప్పని ఖండించి, ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీని మళ్లీ ఆ హంతకుల పక్షానికే ఏళ్ల తరబడి ఉంచింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు మన దేశానికి వచ్చినప్పుడు డిసెంబర్‌లో జరిగిన యుద్ధంలోనూ జాలీ ఉంది, లెక్కలూ ఉన్నాయి. ఉద్దేశం మురికిదైనంత మాత్రాన బతికినవాళ్ల బతుకు మురికిది కాదు. ఉద్దేశం బయటపడేది ఆ తరువాత, వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారన్న దగ్గర.

ఇక్కడిదాకా చదివి “చూశారా, నేను చెప్పిందే” అనుకుంటున్నారేమో. ఆగండి.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అని మన సామెత. తప్పనిసరి అని పేరుపడ్డ యుద్ధాల్లో చాలావాటికి వెనక్కి నడిస్తే, గోటితో పోయే రోజు ఒకటి కనిపిస్తుంది. రువాండాలో అది జనవరి. రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే, 1936 మార్చిలో, సైన్యం పెట్టకూడదన్న ఒప్పందం తెంచుకుని హిట్లర్ ఫ్రాన్స్ సరిహద్దు పక్కనున్న రైన్‌లాండ్‌లోకి దండును పంపిన రోజు. అప్పటికి జర్మనీ సైన్యం ఫ్రాన్స్ సైన్యంతో తూగేది కాదు. ఎవరూ కదల్లేదు. 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చెకోస్లోవేకియా ముక్క కోసి హిట్లర్‌కు ఇచ్చారు, ఆ దేశాన్ని బల్ల దగ్గర కూర్చోనివ్వకుండానే. 1939 సెప్టెంబర్‌కు గొడ్డలి తప్పలేదు. ఆ గొడ్డలికి 6 కోట్లకు పైగా మనుషులు తెగారు. ఆనాడు యుద్ధం అవసరమైందంటే ఒప్పుకుంటాను. ఆ అవసరం ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాన్ని ఏళ్ల తరబడి తయారుచేశారు. అంతకు ముందు 1928లో ఇవే దేశాలు, జర్మనీ, జపాన్, ఇటలీతో సహా, యుద్ధాన్ని ఇక వదిలేస్తున్నామని పారిస్‌లో మొదలైన ఒప్పందానికి ఒప్పుకున్నాయి. అదీ ముచ్చట.

రెండోది, ఇదే నాకు ఎక్కువ భయం. “తప్పదు” అన్న మాట నిజంగా తప్పనప్పుడు వినిపించినదానికన్నా అబద్ధంగా వినిపించిందే ఎక్కువ. 1914లో ప్రతి దేశమూ ఆత్మరక్షణ అనే అంది. ఎవరిని అడిగినా తప్పలేదనే చెప్పారు. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతామండలిలో కూర్చుని, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని ఆధారాలు చూపించాడు. మార్చిలో యుద్ధం మొదలైంది. ఆయుధ నిల్వలు దొరకలేదు. ఆ ప్రసంగం తన పేరు మీద మచ్చ అని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. మచ్చ ఆయనకు, బూడిద ఇరాక్ జనానికి.

దీనికి తిరగేసిన కథ 1962 అక్టోబర్‌ది. క్యూబాలో సోవియట్ క్షిపణులు కనబడ్డాయి. వెంటనే బాంబులు వేయాలని, తరువాత దండు దిగాలని అమెరికా సేనాధిపతులు అధ్యక్షుడు కెనెడీ మీద గట్టిగా ఒత్తిడి తెచ్చారు. వాళ్ల దృష్టిలో అది తప్పనిసరి. ఆలస్యం చేస్తే ప్రమాదం పెరుగుతుందన్నారు. వాళ్లు మూర్ఖులేమీ కాదు, పెద్ద యుద్ధం గెలిచి వచ్చినవాళ్లు. కెనెడీ సముద్రంలో అడ్డం మాత్రం పెట్టి, రహస్యంగా టర్కీలోని తమ క్షిపణులను తీసేస్తామని మాటిచ్చి బేరం కుదుర్చుకున్నాడు. 13 రోజుల్లో ముగిసింది. ఆనాడు రక్షణ మంత్రిగా ఉన్న మెక్‌నమారాకు 1992లో, అంటే ముప్పై ఏళ్ల తరువాత, హవానాలో జరిగిన సమావేశంలో తెలిసింది: దండు దిగితే వాళ్ల మీద ప్రయోగించడానికి చిన్న అణ్వాయుధాలు అప్పటికే క్యూబాలో ఉన్నాయట. ఆ సేనాధిపతుల “తప్పదు” నెగ్గి ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదు, నేను చదివేవాణ్ని కాదు. పోరు నష్టం పొందు లాభం అనే సామెతను మనం పిరికివాళ్ల మాటగా కొట్టిపారేస్తాం. ఆ 13 రోజులు పొందు కుదర్చడానికే ధైర్యం కావాల్సొచ్చింది. ఇంట్లోవాళ్లే పిరికివాడంటుంటే ఓర్చుకోవడం చిన్న విషయమా?

అంచేత ఎవరైనా “యుద్ధం చేయాల్సిందే” అన్నప్పుడు, మీరే అన్నా సరే, ఆ వాక్యాన్ని బడిలో వ్యాకరణం చెప్పే మాస్టారిలాగా పట్టుకోండి. కర్త ఎవరు? మీ మామయ్య అడిగేశారు. కర్మ ఎవరు? అవతలి దేశం అంటారు. దేశం చావదు, అందులో ఉన్నవాళ్లు చస్తారు. న్యాయమైన యుద్ధంలోనూ అంతే. 1945 మార్చి 9 రాత్రి అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పు బాంబులు కురిపిస్తే ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది కాలిపోయారు, ఎక్కువమంది మామూలు జనం. జపాన్‌ను ఆపడం అవసరమే. చెక్క ఇళ్లలో పడుకున్న పిల్లలను కాల్చడం అవసరమా? యుద్ధం అవసరమని తేలగానే అందులో చేసే ప్రతి పనికీ ఆ అవసరం అంటుకుపోతుంది. అక్కడే మోసం. 1949 జెనీవా ఒప్పందాలు నిలబడింది కూడా ఈ రెండింటినీ విడదీసి చూడటం మీదే. యుద్ధానికి వెళ్లడం సరైనదా అన్నది ఒక ప్రశ్న, వెళ్లాక ఏం చేస్తున్నాం అన్నది వేరే ప్రశ్న.

కొన్నిసార్లు కర్మ ఎవరో వాక్యం చెప్పినవాడికి కూడా తెలీదు. 1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులెవరినీ అడక్కుండానే మన దేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. 1942లో జపాన్ బర్మాను పట్టుకుంటే బియ్యం రావడం ఆగింది. శత్రువు చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో పడవలను, బియ్యం నిల్వలను ప్రభుత్వమే తీసేసింది. తుపాను వచ్చింది, ధరలు పెరిగాయి. 1943 కరువులో 30 లక్షల దాకా చనిపోయారని అంచనా. హిట్లర్ మీద యుద్ధం న్యాయమైనదని నేను ఇప్పటికీ అంటాను. ఆ న్యాయానికి అయిన ఖర్చులో వీళ్ల వాటా ఎవరూ వీళ్లను అడిగి రాయలేదు.

వాక్యంలో ఇంకో ఖాళీ కూడా ఉంది: ఎప్పటిదాకా? 2011 మార్చిలో లిబియాలో బెంఘాజీ నగర ప్రజలను కాపాడటానికని భద్రతామండలి బలప్రయోగానికి అనుమతిచ్చింది. కాపాడటం కాస్తా గద్దాఫీని దించేయడమైంది, అక్టోబర్‌లో అతను చచ్చాడు. ఆ తరువాత ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు. దేశం ముక్కలై, రెండు ప్రభుత్వాలు, ముఠాల మధ్య నలిగింది. కాపాడబోయింది నిజమైన ప్రమాదం నుంచే కావొచ్చు. ఎప్పుడు ఆగాలో తెలియని అవసరం అవసరంగా ఎక్కువ కాలం మిగలదు.

మనకు తెలిసిన భారతకథ ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉంటుందో మనం పెద్దగా పట్టించుకోం. రాజ్యంలో సగం అడగాల్సినవాళ్లు ఐదు ఊళ్లు చాలన్నారు. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాక యుద్ధం వచ్చింది. దీనికన్నా న్యాయమైన కారణం కల్పించడం కూడా కష్టం. పోనీ నియమాలు పెట్టుకోలేదా అంటే పెట్టుకున్నారు. ఒక్కడి మీద పదిమంది పడకూడదు, ఆయుధం లేనివాణ్ని కొట్టకూడదు. పద్దెనిమిది రోజుల్లో అవన్నీ పోయాయి, రెండువైపులా. చివరికి నిద్రపోతున్న పిల్లలను చంపేశారు. గెలిచిన ధర్మరాజు సింహాసనం వద్దని ఏడ్చాడు. కథ చెప్పినవాడు ఆ యుద్ధం అనవసరమని అనలేదు. గెలిచినవాణ్ని నవ్వుతూ మాత్రం చూపించలేదు.

మరదలు అశోకుడి పేరెత్తి ఉంటుంది, అందరూ ఎత్తుతారు. కళింగలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించారని, అది తలుచుకుని బాధపడుతున్నానని ఆయన 13వ శిలాశాసనంలో చెక్కించిన మాట నిజం. అదే శాసనంలో అడవి జాతులవాళ్లకు ఒక హెచ్చరిక కూడా ఉంది: పశ్చాత్తాపపడుతున్నా నా బలం నాకుంది, చూసుకోండి అని. ఇంకా చిత్రం, కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ రాళ్ల మీద ఆ 13వ శాసనం లేదు. దెబ్బతిన్నవాళ్లకు క్షమాపణ చదివే అవకాశం ఇవ్వలేదు. ఎందుకో నాకు నచ్చుతుంది ఈ వివరం. యుద్ధం వదిలేసిన రాజు కూడా మనం బొమ్మలో చూసినంత సాదా మనిషి కాదని చెబుతుంది.

ఇక మూడోది, సారీ. మీ అభిప్రాయానికి చెప్పక్కర్లేదు. చెబితే ఆయనకే నచ్చకపోవచ్చు. ఆయన ఉద్యోగమే ఆ అభిప్రాయం మీద నడిచింది. గొంతుకు చెప్పండి. “చేయాల్సిందే” అన్నప్పుడు మీ గొంతులో ఉత్సాహం ఉందని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నిజంగా తప్పని పని గురించి మాట్లాడేవాడి గొంతులో అది ఉండదు. అయినవాళ్ల ఆపరేషన్‌కు సంతకం పెట్టేవాళ్లను చూశారుగా, ఎవరైనా గొంతు పెంచి పెడతారా?

ఫోన్‌లో వద్దు, వెళ్లి కలవండి. అందరి ముందూ వద్దు. “ఎవరు చేయాలి అని అడిగారుగా మామయ్యా, నేను ఆ మాట అనుకోకుండా మాట్లాడాను” అంటే సరిపోతుంది. సరిహద్దులో ఏం చూశారు, ఎవరినైనా చంపారా అని మాత్రం అడక్కండి. సైన్యం నుంచి వచ్చినవాళ్లను మనవాళ్లు సరదాగా అడిగే ప్రశ్న అది, అడగకూడనిదీ అదే. తాను చేసిన పనో, చేయకుండా ఆపలేకపోయిన పనో మనసులో గుచ్చుకుని ఉండిపోవడాన్ని నైతిక గాయం అంటారు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వైద్యం చేసిన జోనాథన్ షే అనే సైకియాట్రిస్టు ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. మీ మామయ్యకు అలాంటిది ఉందని నేననను, నాకు తెలీదు. మీకూ తెలీదు కదా.

మరదలితో కూడా ఒకసారి కూర్చోండి. రువాండా గురించి అడగండి, తను ఏమంటుందో వినండి. క్యూబా గురించి తను అడిగితే మీరేమంటారో ముందే ఆలోచించుకుని వెళ్లండి.

మామయ్య జవాబు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెబితే అది మీరు అనుకున్నదీ కాకపోవచ్చు, మరదలు అనుకున్నదీ కాకపోవచ్చు. చెప్పకుండా వేరే మాట ఎత్తితే, ఉద్యోగం ఎలా ఉందిరా అనో ఇంకేదో అడిగితే, ఆ మాటే మాట్లాడి రండి.